నూక్ సింపుల్ టచ్‌ను ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌గా మార్చుకోవడం: బ్యాకప్ నుంచి తెలుగు పుస్తకాల దాకా

అమెరికాలో ఉన్న అక్కో బావో వాడి వదిలేసిన నూక్ సింపుల్ టచ్ (పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్) ఒకటి ఇంట్లో ఉందని, లోపల ఆండ్రాయిడ్ ఉందంటున్నారు కాబట్టి దాన్ని మామూలు ట్యాబ్లెట్‌లా వాడుకోవడం ఎలాగో చెప్పమని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా రాసేటప్పుడు ఏదో ఒక అడుగు తప్పిపోతోంది. ఆ తప్పిన అడుగు దగ్గరే వాళ్లు ఆగిపోతున్నారు. అందుకే మొత్తం పనిని వరుసక్రమంలో ఇక్కడ రాస్తున్నాను. వరుస మార్చకుండా చేయండి, ముఖ్యంగా 4వ అడుగును ఎట్టి పరిస్థితిలోనూ దాటవేయవద్దు.

1. మీ చేతిలో ఉన్నది ఏ పరికరం?

ఈ మార్గదర్శి 2011లో బార్న్స్ అండ్ నోబుల్ సంస్థ విడుదల చేసిన నూక్ సింపుల్ టచ్‌కు, 2012లో వచ్చిన గ్లోలైట్ రకానికి వర్తిస్తుంది. మోడల్ సంఖ్యలు వరుసగా బీఎన్ఆర్‌వీ 300, బీఎన్ఆర్‌వీ 350. తెర కింద మధ్యలో "ఎన్" ఆకారపు బటన్, రెండు పక్కలా పేజీ తిప్పే నాలుగు బటన్లు, వెనుక పైభాగంలో పవర్ బటన్, కుడి అంచున చిన్న మూత కింద మైక్రోఎస్‌డీ కార్డు గూడు ఉంటే మీది ఇదే. ఆ తర్వాత వచ్చిన గ్లోలైట్ మోడళ్ల లోపలి నిర్మాణం వేరు కాబట్టి ఇక్కడ వాడే ఇమేజ్‌లను (కార్డు మీద రాసే సిస్టమ్ ఫైళ్లను) వాటి మీద ప్రయత్నించకూడదు.

లోపల ఉన్నవి ఇవి: 800 మెగాహెర్ట్జ్ ఓమాప్ 3621 ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2 జీబీ అంతర్గత నిల్వ, 800×600 పిక్సెళ్ల 6 అంగుళాల ఈ-ఇంక్ పెర్ల్ తెర, వైఫై, ఆండ్రాయిడ్ 2.1. కెమెరా, మైకు, స్పీకరు, బ్లూటూత్ లేవు.

ఈ అంకెలను చూసిన తర్వాతే ఆశలు పెట్టుకోవాలి. రూట్ చేసిన తర్వాత, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న తర్వాత, ఇది నిదానమైన ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ అవుతుంది. పీడీఎఫ్ పుస్తకాలు, నిఘంటువులు, ఆంగ్లంలో చిన్న నోట్సు, చదరంగం వంటి కదలిక తక్కువ ఉన్న ఆటలు, ఇంటి వైఫై మీద కంప్యూటర్‌లోని పుస్తకాలను దింపుకోవడం, ఆఫ్‌లైన్ పటాలు వంటివి ఇది బాగా చేస్తుంది. పారాగ్లైడింగ్ చేసేవారు రూట్ చేసిన సింపుల్ టచ్ మీద ఎక్స్‌సీసోర్ అనే, గాలిలో దారి చూపే యాప్‌ను నడిపారు. మండుటెండలో కూడా కనిపించే తెర కావడమే అందుకు కారణం. వీడియోలు, బ్యాంకు యాప్‌లు, వాట్సాప్ దీనితో కావు. వాటి కోసమే అయితే ఈ శ్రమ పడవద్దు.

2. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

☐ కనీసం సగం, వీలైతే పూర్తిగా ఛార్జ్ అయిన నూక్
☐ 4 జీబీ నుంచి 32 జీబీ లోపు మైక్రోఎస్‌డీ కార్డులు రెండు: ఒకటి పనికి, ఒకటి పుస్తకాలకు
☐ కంప్యూటర్, నమ్మకమైన కార్డ్ రీడర్
☐ డేటా కూడా వెళ్లే మైక్రో యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుళ్లు ఉంటాయి, ముందే పరీక్షించండి
☐ నూక్‌మేనేజర్ (బ్యాకప్, రూట్ చేసిపెట్టే సాధనం) ఇమేజ్ ఫైల్, మీ నూక్ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు సరిపోయేది
☐ బలెనా ఎచర్ లేదా విన్32 డిస్క్ ఇమేజర్ (ఇమేజ్‌ను కార్డు మీద రాసే ప్రోగ్రామ్‌లు)
☐ కాలిబర్ (పుస్తకాల ఫైల్ రూపం మార్చే ప్రోగ్రామ్, తెలుగు పుస్తకాల కోసం)

సాఫ్ట్‌వేర్ వెర్షన్ సెట్టింగులలోని పరికర సమాచారంలో కనిపిస్తుంది. 1.2.1 ఉందా, 1.2.2 ఉందా అన్నది కాగితం మీద రాసుకోండి. నూక్‌మేనేజర్ దింపుకునేటప్పుడు అది ఏ వెర్షన్ కోసం తయారైందో చదివి సరిపోల్చుకోవాలి.

కార్డు విషయంలో పొదుపు చేయవద్దు. పాత ఫోన్‌లో పదేళ్లు నలిగిన కార్డు పెట్టి, మధ్యలో బూట్ (పరికరం ఆన్ కావడం) ఆగిపోతే పరికరం పాడైందని భయపడినవారు నాకు తెలుసు. కార్డు మార్చగానే పని జరిగింది.

3. కార్డు మీద నూక్‌మేనేజర్‌ను రాయడం

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకుంటే భయం సగం తగ్గుతుంది. ఈ పరికరం ఆన్ కాగానే ముందుగా మైక్రోఎస్‌డీ కార్డు గూడులో బూట్ చేయదగినది ఏదైనా ఉందేమో చూస్తుంది. లేకపోతేనే సొంత నిల్వలోకి వెళుతుంది. అంటే లోపలి సాఫ్ట్‌వేర్ ఎంత చెడిపోయినా, కార్డు నుంచి లేపి మరమ్మతు చేసుకునే దారి మిగిలే ఉంటుంది.

అలా బూట్ కావాలంటే ఇమేజ్ ఫైల్‌ను కార్డులోకి కాపీ చేస్తే సరిపోదు, కార్డు మొత్తం మీద రాయాలి. నన్ను అడిగినవారిలో ఎక్కువమంది చేసిన మొదటి పొరపాటు ఇదే. ఫైల్‌ను లాగి కార్డులో వేస్తే కార్డులో ఒక ఫైల్ ఉంటుంది, అంతే. నూక్ దాన్ని పట్టించుకోదు.

(అ) కార్డును రీడర్‌లో పెట్టండి. మిగతా పెన్‌డ్రైవ్‌లు, బయటి హార్డ్‌డిస్కులు అన్నీ తీసేయండి.

(ఆ) బలెనా ఎచర్ తెరిచి ఇమేజ్ ఫైల్‌ను ఎంచుకోండి. జిప్ రూపంలో దిగి ఉంటే ముందు విప్పండి.

(ఇ) గమ్యంగా కార్డును ఎంచుకుని, దాని సైజును ఒకసారి గట్టిగా చదవండి. 8 జీబీ కార్డు పెట్టి ఉంటే అక్కడ 7 జీబీకి పైగా కనిపించాలి. అంతకంటే బాగా తక్కువ కనిపిస్తే మీరు యూఎస్‌బీతో తగిలించి ఉంచిన నూక్‌నే ఎంచుకుని ఉండవచ్చు. రాయడం మొదలుపెట్టకుండా ఆగండి. ఈ అడుగులో నూక్ కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు.

(ఈ) రాయడం, సరిచూడడం రెండూ పూర్తయ్యాక కార్డును సురక్షితంగా బయటికి తీయండి. రాసిన వెంటనే "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా" అని కంప్యూటర్ అడిగితే రద్దు నొక్కండి.

4. బ్యాకప్: ఇది లేకుండా ముందుకు వెళ్లవద్దు

నూక్ అంతర్గత నిల్వ అనేక భాగాలుగా విభజించి ఉంటుంది. వాటిలో ఒక చిన్న భాగంలో ఆ ఒక్క పరికరానికే చెందిన సీరియల్ సంఖ్య, వైఫై చిరునామా, గుర్తింపు వివరాలు ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోతే ఇంకొకరి దగ్గర నుంచి తెచ్చి వేసుకోవచ్చు. ఈ భాగం పోతే ఎవరి దగ్గరా దొరకదు.

నేను దీన్ని నష్టపోయి నేర్చుకున్నాను. నా మొదటి నూక్‌ను, అంతర్గత నిల్వను కంప్యూటర్‌కు డ్రైవ్‌లా చూపించే నూగీ అనే ఇమేజ్‌తో లేపాను. తగిలించగానే కంప్యూటర్‌లో నాలుగైదు కిటికీలు ఒకదాని వెనుక ఒకటి తెరుచుకుని, ప్రతిదీ "ఫార్మాట్ చేయాలా" అని అడిగింది. వరుసగా రద్దు నొక్కుతూ ఒకచోట తొందరలో అవును అని నొక్కాను. రెండు క్షణాల్లో ఒక భాగం ఖాళీ అయింది, బ్యాకప్ లేదు. ఆ పరికరం ఈరోజుకూ పుస్తకాలు తెరుస్తుంది కానీ తన సీరియల్ సంఖ్య తనకు తెలియదు. అందుకే కంప్యూటర్ జోక్యం లేకుండా కార్డు మీదే బ్యాకప్ తీసే నూక్‌మేనేజర్ పద్ధతినే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

(అ) నూక్‌ను పూర్తిగా ఆపండి. తెర నిద్రలో ఉండడం వేరు, ఆపడం వేరు: పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే ఆపాలా అని అడుగుతుంది, ఒప్పుకోండి.

(ఆ) కార్డును గూడులో పెట్టి మళ్లీ ఆన్ చేయండి. నూక్‌మేనేజర్ తెర వచ్చి వైర్‌లెస్ మొదలుపెట్టాలా అని అడుగుతుంది. అవసరం లేదు, వద్దనండి.

(ఇ) ప్రధాన మెనూలో రెస్క్యూ విభాగానికి వెళ్లండి. అక్కడ ముందుగా కార్డులో మిగిలిన స్థలాన్ని బ్యాకప్ కోసం ఫార్మాట్ చేసే అంశాన్ని, అది ముగిశాక బ్యాకప్ తీసే అంశాన్ని ఎంచుకోవాలి. ఈ క్రమం తప్పితే బ్యాకప్‌కు చోటు దొరకదు.

(ఈ) నిల్వ మొత్తాన్ని చదివి కుదించి రాయాలి కాబట్టి చాలాసేపు తెర కదలనట్టే కనిపిస్తుంది. పక్కన పెట్టి వేరే పని చూసుకోండి. పూర్తయినట్టు సందేశం వచ్చే దాకా పవర్ బటన్ ముట్టుకోవద్దు.

(ఉ) ఆపి, కార్డు తీసి, బ్యాకప్ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. పాత విండోస్ వెర్షన్లు తొలగించదగిన కార్డులో మొదటి విభాగాన్ని మాత్రమే చూపిస్తాయి. బ్యాకప్ వేరే విభాగంలో ఉంటుంది కాబట్టి ఫైల్ కనిపించక కంగారు పడతారు. విండోస్ 10 కొత్త వెర్షన్లలోగానీ లినక్స్‌లోగానీ తెరిస్తే కనిపిస్తుంది.

బ్యాకప్ ఫైల్‌కు మీ నూక్ సీరియల్ సంఖ్యతో పేరు పెట్టి రెండు చోట్ల దాచండి. ఇంట్లో రెండు నూక్‌లు ఉంటే ఒకదాని బ్యాకప్ మరొకదానిలో వేయకూడదు.

5. స్వాగత తెర దాటడం

ఇప్పటికే ఎవరి ఖాతాతోనో నమోదై, హోమ్ తెర కనిపిస్తున్న పరికరమైతే ఈ అడుగు అవసరం లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసిన పరికరమైతే స్వాగత తెర దగ్గర నమోదు అడుగుతుంది. దాన్ని దాటడానికి:

(అ) కుడి పక్క పై పేజీ బటన్‌ను నొక్కి పట్టుకుని, తెర పై అంచున వేలిని ఎడమ నుంచి కుడికి జరపండి. పైన ఫ్యాక్టరీ అనే బటన్ బయటపడుతుంది.

(ఆ) దాన్ని తాకితే వచ్చే తెరలో మళ్లీ అదే కుడి పై బటన్‌ను నొక్కి పట్టుకుని, కింది భాగంలో తాకండి. స్కిప్ ఊబీ అనే అంశం కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే నేరుగా హోమ్ తెరకు వెళతారు.

మొదటిసారి కుదరకపోవచ్చు. ఈ తెర స్పర్శను అంచుల్లోని పరారుణ కిరణాలతో గుర్తిస్తుంది, కాబట్టి అంచు మూలల్లో దుమ్ము చేరితే స్పర్శ తప్పుతుంది. పొడి మెత్తటి గుడ్డతో అంచులు తుడిచి మళ్లీ ప్రయత్నించండి.

6. రూట్ చేయడం

ఇంత సన్నాహం తర్వాత అసలు పని రెండు నిమిషాలది. కార్డుతో మళ్లీ బూట్ చేసి, వైర్‌లెస్ వద్దని చెప్పి, రూట్ విభాగంలో "రూట్ మై డివైస్" ఎంచుకోండి. పూర్తయిందన్న సందేశం రాగానే నిష్క్రమణ అంశం ద్వారా బయటికి వచ్చి, కార్డు తీసి, మామూలుగా ఆన్ చేయండి. కార్డును లోపలే ఉంచితే పరికరం మళ్లీ నూక్‌మేనేజర్‌లోకే వెళుతుంది. రూట్ కాలేదేమో అని నాలుగుసార్లు చేసిన ఒక మిత్రుడి సమస్య అంతా ఈ కార్డే.

బూట్ అయ్యాక "ఎన్" బటన్ నొక్కితే ఏ లాంచర్ (హోమ్ తెర యాప్) వాడాలని అడుగుతుంది. రీలాంచ్‌ను ఎంచుకోండి. ఇది ఫైళ్లనూ యాప్‌లనూ పాఠ్య జాబితాలుగా చూపే సాదా లాంచర్. బొమ్మలు, జారే పుటలు ఉండే లాంచర్లు ఈ-ఇంక్ తెర మీద ప్రతిసారీ మచ్చలు మిగులుస్తాయి.

7. మొదటి రోజే చేయవలసిన సర్దుబాట్లు

నూక్‌కు వెనక్కి, మెనూ బటన్లు లేవు. ఆండ్రాయిడ్ యాప్‌లకు అవి లేకుండా కుదరదు. నూక్ టచ్ మాడ్ మేనేజర్ అనే యాప్ తెరిచి, పై పట్టీలో వెనక్కి, మెనూ గుర్తులు కనిపించేలా పెట్టండి. పేజీ బటన్లలో ఒకదానికి వెనక్కి వెళ్లే పని అప్పగిస్తే ఇంకా హాయి. నేను ఎడమ కింది బటన్‌ను అలా వాడతాను, మిగిలినవాటిని పేజీలకే వదిలాను.

ఆ తర్వాత ఈ నాలుగు:

☐ సెట్టింగులలో యానిమేషన్లన్నీ ఆపివేయండి
☐ వాల్‌పేపర్‌ను తెల్లగా ఉంచండి
☐ తెలియని మూలాల నుంచి యాప్‌లు పెట్టుకునే అనుమతి ఇవ్వండి
☐ తేదీ, సమయం సరిచేయండి; తేదీ తప్పుగా ఉంటే ఏ భద్రతా ధ్రువపత్రమూ చెల్లదు

పనికి వాడిన కార్డును అలాగే పక్కన పెట్టి, మీద స్టిక్కర్ అంటించండి. పుస్తకాలకు రెండో కార్డు వాడండి. రెండో కార్డు లేక ఇదే వాడాలనుకుంటే, కార్డు సైజు కొన్ని పదుల ఎంబీలకు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. కార్డు చెడిపోలేదు, ఇమేజ్ చేసిన విభజన అలా ఉంది. ఎస్‌డీ కార్డ్ ఫార్మాటర్‌తో ఫ్యాట్32గా మళ్లీ ఫార్మాట్ చేస్తే పూర్తి స్థలం తిరిగి వస్తుంది, కానీ బ్యాకప్ కంప్యూటర్‌లోకి చేరిందని నిర్ధారించుకున్నాకే చేయాలి. ఎక్స్‌ఫ్యాట్ కార్డును ఈ ఆండ్రాయిడ్ చదవలేదు.

8. యాప్‌లు పెట్టుకోవడం

ఆండ్రాయిడ్ 2.1 అంటే డెవలపర్ల లెక్కలో ఏపీఐ 7వ స్థాయి. ఏ యాప్ అయినా తన కనీస స్థాయి 7 లేదా అంతకంటే తక్కువ అని ప్రకటిస్తేనే ఇక్కడ ఎక్కుతుంది. "ప్యాకేజీని విశ్లేషించడంలో సమస్య" అన్న సందేశం వస్తే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. ఫైల్ పాడైందని పదిసార్లు దింపుకోవలసిన పని లేదు. అదే యాప్‌కు 2010, 2011 నాటి పాత వెర్షన్ వెతకండి.

యాప్ ఫైల్‌ను పుస్తకాల కార్డులో వేసి, రీలాంచ్‌లో దాని మీద తాకితే ఇన్‌స్టాల్ మొదలవుతుంది. ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌కు ఆదేశాలు పంపే సాధనం) అలవాటు ఉన్నవారు కేబుల్ ద్వారా కూడా చేయవచ్చు. పాత యాప్‌ల కోసం వెతికేటప్పుడు తయారుచేసినవారి సొంత పేజీకి, సోర్సు కోడ్ ఉన్న చోటికి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ఎవరో పేరులేని చోట పెట్టిన ఫైల్‌ను తెచ్చి రూట్ ఉన్న పరికరంలో వేయడం మంచిది కాదు.

నేను అందరికీ మొదట చెప్పేది ఓరియన్ వ్యూయర్. పీడీఎఫ్, డీజేవీయూ (స్కాన్ పుస్తకాల ఫైల్ రూపం) రెండూ తెరుస్తుంది, సింపుల్ టచ్ బటన్లు తెలుసు, అంచుల ఖాళీని కత్తిరిస్తుంది. దాని తర్వాత ఒక నిఘంటువు, ఒక సాదా నోట్సు యాప్, ఒక చదరంగం. ఆరేడు యాప్‌లకు మించి పెట్టవద్దు. 256 ఎంబీ ర్యామ్‌లో సిస్టమ్ వాడుకోగా మిగిలేది కొద్దిదే, నేపథ్యంలో నడిచే ప్రతి యాప్ ఆ కొద్దిలోనే వాటా తీసుకుంటుంది.

ప్లే స్టోర్ సంగతి చాలామంది అడుగుతారు. దాని కోసం సమయం వృథా చేయవద్దు. ఇప్పటి గూగుల్ సేవలు ఇంత పాత ఆండ్రాయిడ్‌ను గుర్తించవు.

9. ఇంటర్నెట్: ఏ మేరకు?

ముందు వైఫై. ఇది 2.4 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేస్తుంది, డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి తెలియదు. ఇంటి రూటర్ 5 గిగాహెర్ట్జ్‌కు లేదా డబ్ల్యూపీఏ3కు మాత్రమే పరిమితమై ఉంటే నెట్‌వర్క్ కనిపించదు, కనిపించినా కలవదు. రూటర్‌లో అతిథుల నెట్‌వర్క్‌ను 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2తో విడిగా పెట్టి నూక్‌ను దానికే కలపండి. కంప్యూటర్ నుంచి పుస్తకాలు దింపేటప్పుడు మాత్రం ఆ అతిథి నెట్‌వర్క్ నుంచి ఇంటి పరికరాలు కనిపించే అమరిక ఉండాలి.

ఇక బ్రౌజర్. నేటి వెబ్‌సైట్లు టీఎల్‌ఎస్ 1.2 లేదా అంతకంటే కొత్త గుప్తీకరణ అడుగుతాయి. ఆండ్రాయిడ్ 2.1కు అది లేదు. కాబట్టి చాలా సైట్లు తెరుచుకోవు, అందులో మీ తప్పు ఏమీ లేదు. పైగా ఏళ్ల తరబడి భద్రతా సవరణలు అందని పరికరం ఇది. ముఖ్యమైన ఈమెయిల్ ఖాతా, బ్యాంకు వివరాలు, ఎక్కడైనా వాడే పాస్‌వర్డ్ ఇందులో టైప్ చేయకూడదు.

ఇంటి లోపల మాత్రం వైఫై చాలా ఉపయోగపడుతుంది. కంప్యూటర్‌లో కాలిబర్ తెరిచి కంటెంట్ సర్వర్‌ను మొదలుపెట్టండి. నూక్ బ్రౌజర్‌లో కంప్యూటర్ ఐపీ చిరునామా, తర్వాత పోర్టు సంఖ్య 8080, చివర ఏటవాలు గీత పెట్టి ఆంగ్లంలో "మొబైల్" అని టైప్ చేస్తే, పాత బ్రౌజర్లకు సరిపోయే సాదా పేజీలో మీ పుస్తకాల జాబితా వస్తుంది. ఇది గుప్తీకరణ లేని స్థానిక అనుసంధానం కాబట్టి పాత బ్రౌజర్ కూడా తడబడదు. కార్డు తీసి పెట్టే పని తప్పుతుంది. కంప్యూటర్ ఫైర్‌వాల్ అడ్డుకుంటే కాలిబర్‌కు ఇంటి నెట్‌వర్క్‌లో అనుమతి ఇవ్వాలి.

10. తెలుగు పుస్తకాలు

మనవాళ్లు ఎక్కువగా నిరాశ పడేది ఇక్కడ. తెలుగు ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైల్ రూపం) తెరిస్తే వరుసగా డబ్బాలు కనిపిస్తాయి. తెలుగు ఫాంట్ ఎక్కిస్తే సరిపోతుందనుకుని సిస్టమ్ ఫాంట్లను మార్చేవారున్నారు. అప్పుడు డబ్బాల బదులు అక్షరాలు వస్తాయి, కానీ విడివిడిగా: "స్త్రీ" అన్న మాట స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘంగా విడిపోయి కనిపిస్తుంది. ఫాంట్‌లో లోపం లేదు. ఒత్తులను, గుణింతాలను కలిపి కూర్చే ఏర్పాటు ఆండ్రాయిడ్ 2.1లోనే లేదు. కాబట్టి ఫాంట్ మార్చే ప్రయత్నం మానండి.

మార్గం వేరే ఉంది. కీప్యాడ్ ఫోన్ల కాలంలో ఒపెరా మినీ అమరికల పేజీలో సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడే అంశాన్ని ఆన్ చేసి తెలుగు చదివిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అక్షరాలను సర్వర్ కూర్చేది, ఫోన్‌కు బొమ్మగా వచ్చేది. ఇక్కడా అదే సూత్రం: కూర్పు కంప్యూటర్ మీద చేసి, ఫలితాన్ని పీడీఎఫ్‌గా నూక్‌కు పంపాలి. పీడీఎఫ్‌లో అక్షర రూపాలు, వాటి స్థానాలు ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి నూక్ వాటిని గీస్తే చాలు.

యూనికోడ్ ఈపబ్‌ను కాలిబర్‌లో ఇలా మార్చండి:

(అ) మార్పిడి కిటికీలో ఫలితం రూపంగా పీడీఎఫ్ ఎంచుకోండి.

(ఆ) పీడీఎఫ్ విభాగంలో కస్టమ్ సైజు 90×120, కొలమానం మిల్లీమీటర్లు. 6 అంగుళాల తెరకు ఇది దాదాపు సరిగ్గా సరిపోతుంది. నాలుగు అంచులకూ 3 మిల్లీమీటర్లు చాలు.

(ఇ) రూపం విభాగంలో పొందుపరిచే ఫాంట్‌గా నోటో సెరిఫ్ తెలుగు లేదా సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి వంటి ఫాంట్‌ను ఎంచుకోండి. ఆ ఫాంట్ ముందే కంప్యూటర్‌లో ఉండాలి. బాగా సన్నని గీతలున్న ఫాంట్లు ఈ తెర మీద బూడిద రంగులోకి వెలిసిపోతాయి, కొంచెం ఒళ్లున్న ఫాంట్ మంచిది.

(ఈ) పీడీఎఫ్ ఫాంట్ సైజు 16 దగ్గర మొదలుపెట్టి, కంటికి సరిపోయే దాకా ఒక్కొక్కటి పెంచండి.

(ఉ) కనీస పంక్తి ఎత్తును 150 శాతం చేయండి. ఆంగ్లానికి సరిపోయే ఎత్తు మనకు చాలదు. పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి.

మొత్తం పుస్తకం మార్చే ముందు ఒక అధ్యాయం మార్చి నూక్‌లో తెరిచి, "రాష్ట్రం", "శాస్త్రం" వంటి మాటలున్న పంక్తిని దగ్గరగా చూడండి. "ష్ట్ర"లో ట ఒత్తు, రావత్తు రెండూ స్పష్టంగా విడివిడిగా, కింది పంక్తిని తాకకుండా కనిపిస్తే మీ అమరిక సరైనది. కలిసి నల్లటి చుక్కలా కనిపిస్తే ఫాంట్ సైజును ఒకటి పెంచండి.

పాత పుస్తకాల విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌లు. అవి పీడీఎఫ్‌గా చక్కగా కనిపిస్తాయి, కానీ లోపలి సంకేతాలు యూనికోడ్ కావు. వాటిని కాలిబర్‌లో మార్చబోతే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు వస్తాయి. వాటిని మార్చకుండా, ఓరియన్ వ్యూయర్‌లో అంచులు కత్తిరించి, తెరను అడ్డంగా తిప్పి, ఒక్కో పేజీని రెండు మూడు భాగాలుగా చదువుకోవడమే మేలు.

రెండోది స్కాన్ పుస్తకాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఆర్కైవ్.ఆర్గ్‌కు చేరిన తెలుగు పుస్తకాలు ఇలాంటివే. ప్రతి పేజీ ఒక పెద్ద చిత్రం కాబట్టి 256 ఎంబీ ర్యామ్ చాలక పేజీకి చాలాసేపు పడుతుంది, లేదా యాప్ మూసుకుపోతుంది. కంప్యూటర్‌లో కే2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత సాధనంతో పేజీ అంచులు కత్తిరించి, తెర వెడల్పుకు సరిపెట్టే పద్ధతిలో కొత్త పీడీఎఫ్ తయారుచేయండి. పదాలను విడదీసి తిరిగి పేర్చే పద్ధతి కూడా అందులో ఉంది, కానీ దాన్ని తెలుగుకు వాడవద్దని నా సలహా. ఒత్తులు పంక్తుల మధ్య చిక్కుకుంటే ఏ ఒత్తు ఏ పంక్తిదో దానికి తేల్చడం కష్టం. ముందు పది పేజీలు చేసి చూడండి.

తెలుగులో టైప్ చేయడం మాత్రం ఈ పరికరంలో ఆచరణలో కుదరదు. నోట్సు ఆంగ్లంలోనో కాగితం మీదో రాసుకోవాలి.

11. తెర మచ్చలు, వేగం

పేజీ మారినా పాత అక్షరాల నీడ మిగలడం ఈ-ఇంక్ స్వభావం. ఓరియన్ వంటి యాప్‌లలో కొన్ని పేజీలకు ఒకసారి తెరను పూర్తిగా తుడిచే అమరిక ఉంటుంది. నేను ఆరు పేజీలకు ఒకసారి పెట్టుకున్నాను.

పొడవైన జాబితాలు జరపాలంటే నోరిఫ్రెష్ యాప్ వాడండి. అది తెరను నలుపు, తెలుపు రెండు ఛాయలకే పరిమితం చేసి వేగంగా కదిలిస్తుంది. పని అయ్యాక ఆపేయాలి, లేకపోతే అక్షరాల అంచులు గరుకుగా మిగులుతాయి.

కీబోర్డు తగిలించాలనుకునేవారికి యూఎస్‌బీ హోస్ట్ తోడ్పాటున్న కెర్నల్‌లు (ఆండ్రాయిడ్ కింద నడిచే మూల సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. ఆ పనికి ఓటీజీ కేబుల్, సొంత విద్యుత్తు ఉన్న హబ్ కావాలి. కనీసం నెల రోజులు రూట్ చేసిన పరికరం నిలకడగా నడిచిన తర్వాతే, మళ్లీ ఒక కొత్త బ్యాకప్ తీసి అటు వెళ్లండి.

12. బ్యాటరీ త్వరగా అయిపోతుంటే

రాత్రి పడుకునే ముందు వైఫై ఆపి, బ్యాటరీ శాతం రాసుకుని, తెర నిద్రలో ఉంచండి. ఉదయానికి ఒకటి రెండు శాతం తగ్గితే సరే. ఐదు శాతానికి మించి తగ్గితే ఏదో యాప్ పరికరాన్ని మేల్కొలుపుతోంది.

కారణాలను ఈ వరుసలో వెతకండి. మొదట, చివరగా పెట్టిన యాప్‌ను తీసేసి మరో రాత్రి చూడండి. తర్వాత, పరికరం ఎవరి ఖాతాకూ నమోదు కాకపోతే బార్న్స్ అండ్ నోబుల్ దుకాణానికి చెందిన సేవలు నమోదు కోసం పదే పదే ప్రయత్నిస్తూ ఛార్జ్ తింటాయి. ఆ సేవలను రూట్ అధికారంతో నిలిపివేయవచ్చు, కానీ ఒక్కొక్కటిగా, ప్రతిసారీ రీబూట్ చేసి చూస్తూ. చివరిగా కార్డు: లోపమున్న కార్డును సిస్టమ్ పదే పదే పరిశీలిస్తుంది, ఒక రాత్రి కార్డు తీసి చూడండి.

13. పని మధ్యలో ఆగితే

*కార్డు పెట్టినా మామూలు నూక్ తెరే వస్తోంది.* కార్డు మీద ఇమేజ్ సరిగా రాయలేదు, లేదా పరికరం పూర్తిగా ఆగలేదు. 3వ అడుగు మళ్లీ చేయండి, వీలైతే వేరే కార్డుతో.

*రూట్ తర్వాత బూట్ తెర దగ్గరే ఆగింది.* పదిహేను నిమిషాలు ఆగండి. అప్పటికీ కదలకపోతే పవర్ బటన్‌ను బాగా సేపు నొక్కి పట్టి ఆపి, నూక్‌మేనేజర్ కార్డుతో లేపి బ్యాకప్ తిరిగి వేయండి.

*సూపర్‌యూజర్ అనుమతి అడగకుండానే యాప్ విఫలమవుతోంది.* రూట్ అనుమతులను చూసుకునే సూపర్‌యూజర్ యాప్‌ను ఒకసారి తెరిచి, ఆ యాప్‌కు గతంలో నిరాకరణ నమోదై ఉంటే తొలగించండి.

*రూట్ ఒకరోజు మాయమైంది.* వైఫై ద్వారా అధికారిక నవీకరణ దిగి ఉండవచ్చు. వెర్షన్ సంఖ్య చూసి, మారి ఉంటే దానికి సరిపోయే నూక్‌మేనేజర్‌తో మళ్లీ చేయండి.

14. పాత స్థితికి తీసుకురావడం

పరికరాన్ని ఎవరికైనా ఇవ్వాలన్నా, అంతా మళ్లీ మొదలుపెట్టాలన్నా, బ్యాకప్ ఫైల్ ఉన్న నూక్‌మేనేజర్ కార్డుతో బూట్ చేసి, రెస్క్యూ విభాగంలో పునరుద్ధరణ ఎంచుకోండి. ఫైల్‌ను కంప్యూటర్‌లోకి మార్చేసి ఉంటే ముందు కార్డులోని అదే విభాగంలోకి, అదే పాత పేరుతో తిరిగి కాపీ చేయాలి. మీరు సీరియల్ సంఖ్యతో పేరు మార్చి దాచారు కాబట్టి అసలు పేరేమిటో ఆ రోజే కాగితం మీద రాసి, కార్డుతో పాటు ఒకే కవరులో పెట్టండి. పునరుద్ధరణ జరుగుతున్నంతసేపూ ఛార్జర్ తగిలించి ఉంచండి. అది ముగిశాక సెట్టింగులలో సీరియల్ సంఖ్య తెరిచి, పరికరం వెనుక ముద్రించిన సంఖ్యతో అంకె అంకె సరిచూసుకోండి.